మొప్పలు ఎర్రగానే ఉన్నాయి

మొన్న ఆదివారం బందరు రోడ్డు పక్క చేపల కొట్లో నిలబడితే, ఉప్పూ తడిగోనే కలిసిన వాసన గుప్పుమంది; నోరూరాల్సింది పోయి నాకు ఒళ్ళు మండింది.

తొంభైల్లో మేం విజయవాడలో రైలుకట్ట పక్క కాలనీలో ఉండేవాళ్ళం. ఆదివారం పొద్దున్నే బందరు బస్సు దిగి, నెత్తిన గంపతో నాంచారమ్మ వచ్చేది. గంప నీళ్ళకు తడిసిన చెంగు పిండుకుంటూ మా అరుగు మీద కూర్చుని చందువ, మట్టగిడస చేపలు పరిచేది. మామిడికాయల రోజుల్లో, కాయ ముక్కలేసి అమ్మ పెట్టిన చేపల పులుసు మర్నాడు చద్దన్నంలోకి ఇంకా రుచెక్కేది, ఆ గిన్నె అడుగు కోసం నేనూ అన్నయ్యా కొట్టుకునేవాళ్ళం. నా తొక్కుడుబిళ్ళ ఆటకి నున్నటి ఆల్చిప్పలు ఏరి తెచ్చేది కూడా ఆవిడే.

నాకు పదేళ్ళప్పుడు, ఒక వానాకాలం, వీధిలో పిల్లలకు వాంతులు పట్టుకున్నాయి. ఆ ఆదివారం నాంచారమ్మ గంప దించగానే ఎదురింటి హెడ్మాస్టరుగారి భార్య వంగి వాసన చూసి, "కుళ్ళిపోయాయండీ! పిల్లలకి అందుకే వాంతులు" అంది. పక్కావిడ, "కాస్త తేడాగానే ఉందండోయ్" అంది. మూడో ఆవిడ అసలు వంగకుండానే ముక్కుకు చెంగు అడ్డం పెట్టుకుంది. మా అమ్మ వంగింది, అందరి ముఖాలూ చూసింది, "ఏమోనండీ... వస్తున్నట్టే ఉంది" అంది.

నాంచారమ్మ ఒక్కో చేప మొప్ప ఎత్తి చూపించింది.

"ఎర్రగా ఉన్నాయి చూడండమ్మా! తెల్లారగట్ట పడవలోంచి దించినయ్యి." ఆఖరికి నా వైపు తిరిగింది. "నువ్వు చెప్పు పాపా, వాసనేస్తందా?"

నాకు ఉప్పునీటి వాసన తప్ప ఏమీ తెలియలేదు. ఇంతమంది పెద్దవాళ్ళకు తెలిసింది నాకు తెలియడం లేదంటే లోపం నా ముక్కుదేమో అనిపించింది. మళ్ళీ పీల్చాను. ఈసారి నిజంగానే ఏదో వచ్చినట్టనిపించింది.

"వేస్తోంది" అన్నాను.

గంప మురుక్కాలవలో బోర్లించారు. ఆవిడ ఖాళీ గంప చంకన పెట్టుకుని వెళ్ళిపోయింది, మళ్ళీ రాలేదు.

వారం తిరక్కుండా, చేప ముట్టని పూజారిగారింట్లోనూ వాంతులు మొదలయ్యాయి. తవ్వి చూస్తే కుళాయి గొట్టం పగిలి అందులో మురుగు కలుస్తోంది. ఆ గోతి చుట్టూ చేరిన అదే ఆడవాళ్ళు, "నేను ముందే అనుకున్నానండీ, నీళ్ళేనని" అన్నారు! ఒక్కరంటే ఒక్కరు నాంచారమ్మ పేరెత్తలేదు.

ఇప్పుడా వీధిలో అరుగుల్లేవు, అన్నీ అపార్ట్‌మెంట్లే. గంపలవాళ్ళను వాచ్‌మన్ గేటు దగ్గరే ఆపేస్తాడు. మొన్న చేపలు కొనకుండానే ఇంటికొచ్చి అమ్మనడిగాను, ఆ రోజు నీకు నిజంగా వాసనొచ్చిందా అని.

"అందరూ వచ్చిందన్నారు కదే."

"నీకొచ్చిందా?"

"నాకా? అప్పుడు నాకు జలుబు చేసి ఉందే."

అమ్మ మీద అరవబోయి ఆగిపోయాను. ఆ రోజు నాకు జలుబు కూడా లేదు.