సగం కీ పద్యాలు

పోయిన వారం మా మనవరాలు మా కుటుంబం వాట్సాప్ గ్రూపులో ఒక ఆట మొదలుపెట్టింది. మన జీవితాన్నీ అభిరుచినీ తీర్చిదిద్దిన పాటల ఆల్బములు పది ఏరి, రోజుకొకటి చొప్పున వాటి అట్టబొమ్మలు పెట్టాలట, కారణం మాత్రం చెప్పనక్కర్లేదట. కారణం చెప్పనక్కర్లేదన్నప్పుడే ఆ ఆట విలువ ఎంతో నాకు తెలిసిపోయింది. మా అల్లుడు వరసగా విదేశీ బొమ్మలు పెట్టాడు, కారెక్కితే ఆ మనిషి వార్తలు తప్ప మరొకటి వినడని మా అమ్మాయికీ తెలుసు, నాకూ తెలుసు. అయినా అందరూ చప్పట్ల గుర్తులు కొట్టారు. నన్నూ పెట్టమని ఒకటే గొడవ. పది ఆల్బములు నేనెక్కడి నుంచి తేను? నా చిన్నతనం మొత్తానికి ఉన్నది ఒక్కటే, అదీ మా పెద్దనాయనది, అది నన్ను తీర్చిదిద్దిందో చెడగొట్టిందో ఇప్పటికీ తేల్చుకోలేదు.

నా ఈడువాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు గానీ, ఆల్బమంటే ఆ రోజుల్లో నిజంగా పుస్తకమే. గుడ్డ అంటించిన గట్టి అట్టలు, లోపల కాగితపు జేబులు, ఒక్కో జేబులో ఒక్కో నల్లటి ప్లేటు. రికార్డు అనే మాట మా ఇంట్లో ఎవరూ అనేవారు కాదు, ప్లేటు అనే అనేవాళ్లం, అన్నం తినేదాన్ని తట్ట అనేవాళ్లం కనుక తికమక ఉండేది కాదు. ఆ పుస్తకంలో ఒక పౌరాణిక నాటకం మొత్తం పద్యాలతో సహా ఉండేది. దాన్నీ గ్రామఫోను పెట్టెనూ కలిపి మా పెద్దనాయన బళ్లారిలో కొనుక్కొచ్చాడు. ఆయనకు కర్నూలులో బుడ్డల మిల్లు ఉండేది, బుడ్డలంటే వేరుశనక్కాయలు. గుప్పెడు బుడ్డలు చేతిలోకి తీసుకుని నూనె ఎంత దిగుతుందో చెప్పగలిగిన మనిషి, సంగీతం గురించి కూడా అలాగే చెప్పగలనని ఎందుకనుకున్నాడో ఆ దేవుడికే తెలియాలి. డబ్బున్నవాడి అభిరుచిని కాదనే ధైర్యం చుట్టుపక్కల ఎవరికీ లేకపోవడంతో, ఆయన అభిరుచే మా ఇంటిదీ మా వీధిదీ అయి కూర్చుంది.

సాయంత్రం మిల్లు నుంచి వచ్చి, కాళ్లు కడుక్కుని, బంగారు గుండీల చొక్కా తొడుక్కుని, పెట్టె మీద కప్పిన అల్లిక గుడ్డను పూజ చేసేవాడిలా మడతపెట్టేవాడు. మగవాళ్లు వసారాలో జంపఖానా మీద, ఆడవాళ్లం వంటింటి తలుపు వెనక. ఇంకెవరూ ఆ పెట్టెను ముట్టుకోకూడదు. అమ్మిన దుకాణంవాడు, కొన్నవాళ్లందరికీ చెప్పినట్టే, కీ మరీ బిగించి తిప్పితే స్ప్రింగు తెగుతుందని ఒక మాట చెప్పి పంపాడట. మా పెద్దనాయన ఆ మాటను వేదవాక్కుగా పట్టుకున్నాడు. నాకు తెలిసి ఆ పెట్టెకు ఏనాడూ సగానికి మించి కీ ఇవ్వలేదు, మధ్యలో మళ్లీ తిప్పడం కూడా యంత్రాన్ని హింసపెట్టడమేనని ఆయన నమ్మకం.

దాంతో ఏమయ్యేదంటే, పద్యం బాగానే మొదలయ్యేది, రెండు మూడు పాదాల దాకా గొంతు ఖంగుమంటూ వచ్చేది, తీరా చివర రాగం తీసే వేళకు స్ప్రింగులో సత్తువ అయిపోయేది. గొంతు బరువెక్కి, సాగి, కిందికి దిగి, బావిలోకి జారిన చేదలాగా ఎక్కడో లోపల గుడగుడమని ఆగేది. శత్రువును యుద్ధానికి రమ్మని సవాలు చేసిన వీరుడు ఆ సవాలు ముగియకుండానే నిద్రపోయేవాడు. ఏ ప్లేటు ఏ పక్క వేసినా అంతే, ఏడ్చే తల్లీ, దీవించే మునీ, వగలుపోయే నాయికా అందరూ చివరికి ఒకే మగగొంతుతో మూలిగేవాళ్లు. ఇది యంత్రం లోపమని ఒప్పుకునే రకం కాదు మా పెద్దనాయన. దానికొక శాస్త్రమే తయారుచేశాడు.

“సూసినావా అప్పా, ఎక్కేదయితే ఎవడైనా ఎక్కుతాడు. దిగేదాంట్లో ఉండాది పనితనం. రాజు కోపాన్ని లోపలికి మింగుతాండాడు, శానా కష్టం అది” అనేవాడు.

జంపఖానా మీద కూర్చున్నవాళ్లు తలలూపేవాళ్లు. అసలు నాటకం కళ్లారా చూసినవాళ్లు వాళ్లలో ఉండకపోరు. కానీ మిల్లుకు బుడ్డలు తోలుకునేవాళ్లు మిల్లు యజమానికి పద్యం తప్పని చెప్పేంత వెర్రివాళ్లు కారు కదా. ఇంట్లో ఆడవాళ్లకు నాటకం చూసే భాగ్యమే లేదు, రంగు పూసుకున్నవాళ్లవి బజారు రాగాలని ఆయన తీర్పు. దాంతో మా వీధిలో భజనలో పాడేవాళ్లు కూడా చివర దించి మూలగడం నేర్చారు, అదేదో గొప్ప బాణీ అయినట్టు.

నేను అందరికంటే బాగా మూలిగేదాన్ని. పావడా కట్టుకునే వయసులోనే ఆ పుస్తకంలో పద్యాలన్నీ నాకు నోటికి వచ్చు, ఎక్కడ గొంతు బరువెక్కాలో, ఎక్కడ సాగాలో, ఆఖరి గుడగుడతో సహా. బియ్యం ఏరుతూ పాడేదాన్ని, పేడనీళ్లు చల్లుతూ పాడేదాన్ని. సంగీతం తప్ప ఈ లోకంలో నాకు మరో కోరిక ఉండేది కాదు.

అప్పుడే కర్నూలు కొత్త ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని అయింది. ఊరినిండా గుడారాలు వెలిశాయి, ఉన్న ఇళ్లన్నీ సర్కారు జిల్లాల ఉద్యోగులకు అద్దెకు పోయాయి, మావాళ్లు అద్దె పెంచుతూ వాళ్లను తిట్టుకునేవాళ్లు, వాళ్లు అద్దె కడుతూ మా ఎండనూ మా నీళ్లనూ మా మాటనూ తిట్టుకునేవాళ్లు. మేము ‘ఉండాది’ అంటే వాళ్ల పిల్లలు నోళ్లు మూసుకుని నవ్వేవాళ్లు. మా ఎదురింట్లో దిగిన ఆఫీసరుగారి భార్య సంగీతం నేర్చిన మనిషి. సర్కారు ఉద్యోగి భార్య, పైగా సర్కారు జిల్లాల మనిషి కనుక రెండు లెక్కలా కలిసొచ్చి ఆమెను సర్కారమ్మ అనేవాళ్లం. సాయంత్రాలు ఆడపిల్లలను కూర్చోబెట్టుకుని శ్రుతిపెట్టె వేసి పాఠం చెప్పేది. నేను మా మిద్దె మీద వడియాలకు కాపలా కాసే నెపంతో ఆ పాఠాలన్నీ వినేదాన్ని.

అమ్మ నా బాధ చూడలేక నాయనను పట్టుకుంది. నాయన చాలా రోజులు నానబెట్టి, సర్కారమ్మ ఈ పిల్లకు గొంతుందని అంటే పాఠానికి పంపుతాను, లేదంటే కుట్టుమిషను నేర్చుకోవాలి, మళ్లీ ఈ మాట ఎత్తకూడదు అని తేల్చాడు. నన్ను తీసుకుని బయల్దేరాడు. నా గురువు తానేనని పెద్దనాయన కూడా బంగారు గుండీలతో సహా వెంట వచ్చాడు.

ఆ రోజు సర్కారమ్మ ఇంట్లో మరో ఇద్దరు ఆఫీసర్ల భార్యలు కాఫీ తాగుతూ కూర్చున్నారు. నేను సవాలు పద్యం ఎత్తుకున్నాను. కప్పులు కింద పెట్టి విన్నారు, ఒకామె తల కూడా ఊపింది. చివర రాగం వచ్చింది. నేను నాకు వచ్చినదంతా చూపించాను. గొంతు బరువు చేశాను, సాగదీశాను, దించాను, ఇంకా దించాను, గడ్డం మెడకు ఆనించి ఆఖరున గుడగుడమనిపించి ఆపాను. కాఫీ తాగే ఇద్దరికీ నవ్వు ఆగలేదు, సర్కారమ్మ కూడా కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నాయన ముఖం నల్లబడింది. ఆమె తేరుకుని, ఇంకో పద్యం పాడించుకుని, అదీ అలాగే దిగేసరికి, పెద్దనాయన వైపు తిరిగింది.

“ఏవండీ, మీ ఇంట్లో గ్రామఫోనుకి కీ పూర్తిగా ఇవ్వరాండీ?” అంది.

ఆయన బంగారు గుండీలు సవరించుకున్నాడు. ఆమె నా తల నిమిరి, గొంతు చక్కగా ఉందనీ, దిగిపోతున్న స్ప్రింగును కూడా పొల్లుపోకుండా పట్టిన చెవి ఇంతవరకు చూడలేదనీ, రేపటి నుంచే పంపించమనీ నాయనతో చెప్పింది. నేను విన్నాను, నాయన కూడా విన్నాడు. కానీ ఆయన చెవుల్లో నవ్వు తప్ప ఇంకేమీ దూరలేదు. వీధి దాటేలోపలే తీర్పు చెప్పేశాడు.

“మనల్ని సూసి నగినోళ్ల గడప తొక్కేది లేదు. వాళ్ల ముందు ఏం తక్కువయినామని?”

ఆ సాయంత్రం పెద్దనాయన పెట్టె ముందు కూర్చుని, జీవితంలో మొదటిసారి కీ పూర్తిగా తిప్పాడు. స్ప్రింగు తెగలేదు. అదే సవాలు పద్యం వేశాడు. వంటింటి తలుపుకు నేను చెవి ఆనించాను. నాలుగు పాదాలూ అయ్యాయి, రాగం వచ్చింది, దిగలేదు. ఎక్కింది. ఇంకా ఎక్కి, అక్కడ నిలబడి, తిరిగి ఎక్కి, ఇల్లంతా గింగురుమంది. అన్నాళ్లూ నిద్రపోయిన వీరుడు నిజంగానే శత్రువును పిలుస్తున్నాడు. నా కళ్లవెంట నీళ్లు కారిపోయాయి. పెద్దనాయన ముల్లు ఎత్తి పక్కన పెట్టాడు.

“ప్లేటు చెడిపోయిండాది” అన్నాడు.

“అవునన్నా” అన్నాడు మా నాయన.

మర్నాటి నుంచి మళ్లీ సగం కీ. ఇంట్లో ఎవరూ ఎదురు చెప్పలేదు, అమ్మ సైతం. రాజధాని హైదరాబాదుకు తరలిపోయినప్పుడు సర్కారమ్మ మా ఇంటికి చెప్పిపోవడానికి వచ్చి, ఏమైనా పాడుతున్నావా అని నన్ను అడిగింది. లేదని నాయనే జవాబిచ్చాడు. నాయన తన పరువు కాపాడుకున్నాడు, పెద్దనాయన తన స్ప్రింగు కాపాడుకున్నాడు, నా గొంతును కాపాడాలని మాత్రం ఎవరికీ తోచలేదు. నేను కుట్టుమిషను నేర్చుకున్నాను, తరువాత ట్రైనింగు చేసి కడప జిల్లాలో ఆడపిల్లల బడుల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యాను. మళ్లీ ఎవరి ముందూ పాడలేదు. నా అభిరుచంటారా, ఈనాటికీ ఎంత గొప్ప విద్వాంసుడైనా రాగం పైకి ఎత్తితే నా చెవికి అది గర్వంగానే వినిపిస్తుంది, అది తప్పని తెలిసినా సరే. నూనె బేరగాడి పిరికితనం నా చెవిలో అలా స్థిరపడిపోయింది.

ఇప్పుడు ఏ పెట్టెకూ కీ ఇవ్వనక్కర్లేదు. ఏ పాటా మధ్యలో అలిసిపోదు, వినేవాళ్లే అలిసిపోతున్నారు. పల్లవి ముగిసేలోపే వేలితో పక్కకు తోసి ఇంకో పాటకు పోతారు, బాగుందనడానికీ లేదనడానికీ అదే వేలు. ఆ ఇద్దరు ఆఫీసర్ల భార్యలను నేను ఎన్ని ఏళ్లు తిట్టుకున్నానో నాకే తెలుసు. ఈ మధ్యనే ఒక సంగతి తట్టింది. వాళ్లు కాఫీ చల్లారిపోతున్నా ఆఖరి మూలుగు దాకా విన్నారు, విన్నాకే నవ్వారు. ఇప్పుడు కల్లూరులో మా అబ్బాయి ఇంట్లో పొద్దున్నే తలంటుకుంటూ అప్పుడప్పుడు ఆ సవాలు పద్యం పాడుకుంటాను, చివర దించే పాడతాను, నాకు మరో రకంగా రాదు. గోడకు అవతల కొడుకూ కోడలూ మనవరాలూ అందరూ ఉంటారు. ఎవరూ నవ్వరు.