దశరథం కాకా కంప్యూటర్‌ను తెలుగు చేసిండు

కోరుట్ల బస్టాండు పక్కన దశరథం పెండ్లి కార్డుల దుకాణంల సింధూజ డిజైన్లు చేస్తది. జగిత్యాలల కంప్యూటర్ డిగ్రీ చదివి, పెండ్లయినంక కోరుట్లకు అచ్చింది. ప్రోగ్రాములు రాసుడంటే ఆమెకు పానం. దుకాణంల ప్రింటరు మాటిమాటికి మొండికేస్తుంటే, ఒక్క బటన్ నొక్కితే సర్దుకునేటట్టు చిన్న ప్రోగ్రాము రాసింది. కంప్యూటర్ల మన కంటికి కనవడకుండ వెనుక నడిచే పనులుంటయి, వాటిని సర్వీసులంటరు. ప్రింట్లను వరుసల పెట్టి పంపేదాని పేరు ప్రింట్ స్పూలర్. ఆమె ప్రోగ్రాము గా పేరు వెతికి, సర్వీసును ఆపి మళ్ల లేపుతది. గంతే. దశరథం మాత్రం అచ్చినోళ్లందరికి "మా పిల్ల మంత్రమేసింది" అని చెప్పుకునేటోడు.

మాఘమాసం, ముహూర్తాల జోరు. ఇబ్రహీంపట్నం నుంచి రాములవ్వ మనుమరాలి కార్డులకని పొద్దుగాల్నే అచ్చి కూసున్నది. సగం కార్డులైనయో లేదో ప్రింటరు ఆగింది. సింధూజ ధీమాగ బటన్ నొక్కింది. "ఆ పేరుతో సర్వీసు లేదు" అని అచ్చింది. మళ్ల నొక్కింది. మళ్ల గదే.

"లేకపోవుడేంది? నిన్న ఉండె గదా!"

"ఏమైంది బిడ్డా, నా బస్సు పోతది" అన్నది రాములవ్వ.

సింధూజ సర్వీసుల పట్టిక తెరిచి చూసింది. పేర్లన్ని తెలుగుల ఉన్నయి!

"కాకా, కంప్యూటర్‌ను ఏం చేసినవ్?"

"నిన్న నువ్వు పోయినంక తెలుగుల పెట్టిన. మంచిగ లేదా?" దశరథం మురిసిపోతున్నడు. "నా కండ్లకు ఇప్పుడే సాఫ్‌గ అర్థమైతున్నది."

గంత సంబురంగ చెప్పినంక మళ్ల ఇంగ్లీషు చేద్దామనుడు ఆమెకు నోరు రాలేదు. ఫోన్ల వెతికింది. అప్పుడు తెలిసింది: ఒక్కో సర్వీసుకు రెండు పేర్లు. ఒకటి మనుషులకు చూపించేది, భాషను బట్టి మారుతది. ఇంకోటి కంప్యూటర్ లోపల వాడుకునేది, అది మారదు. ఇన్నొద్దులు ఆమె ప్రోగ్రాము చూపించే పేరునే పట్టుకొని తిరుగుతున్నది. లోపలి పేరు చూస్తే ఉత్త స్పూలర్ అని ఉన్నది. ఒక్క వరుస మార్చి నొక్కింది. ప్రింటరు కిర్రుమని మొదలువెట్టింది.

రాములవ్వ వేడివేడి కార్డులు సంచిల పెట్టుకున్నది. "మూలలకు మా చేన్ల పసుపే పెడ్త. పెండ్లికి నువ్వు గూడ రావాలె బిడ్డా" అని చెప్పి బస్సుకు ఉరికింది.

దశరథం ఊకుంటడా! గీ ముచ్చట జగిత్యాలల ఉన్న దోస్తు సలీం దాక పోయింది. ఆయన జిరాక్స్ దుకాణంల గూడ గిదే ప్రింటరు బాధ. అటెన్క ఐతారం సింధూజ పోయి చూసింది. గా కంప్యూటర్ మొత్తం ఉర్దూల ఉన్నది. తన ప్రోగ్రాము ఎక్కించి నొక్కింది. మొదటిసారికే కాగితం బయటికచ్చింది.

"నీకు ఉర్దూ అస్తదా బేటీ?" సలీం కండ్లు పెద్దగ చేసిండు.

"ఒక్క అక్షరం రాదు చాచా" అని సింధూజ పడిపడి నవ్వింది.