అన్నదమ్ముల మధ్య నా ఉద్యోగం

నేను చేసే పనిని మర్చంట్ బ్యాంకింగ్ అంటారు. మా వైపు ఈ మాట చెప్పగానే, "మీ బ్యాంకులో డిపాజిట్ల మీద వడ్డీ ఎంతమ్మా?" అని అడుగుతారు. మాది ఆ బ్యాంకు కాదని చెబుతాను. కుటుంబాలు నడుపుకునే కంపెనీలకు సలహా ఇస్తాం. వాటాలు పంచుకోవాలన్నా, బయటి భాగస్వామిని తెచ్చుకోవాలన్నా, మొత్తం అమ్మేయాలన్నా మధ్యలో ఉండి జరిపిస్తాం. అంతా విన్నాక, "పెళ్ళిళ్ళు కుదిర్చే పనిలాంటిదన్నమాట" అంటారు. విడాకులు కూడా నేనే చూస్తానని నవ్వుతూ అనేదాన్ని. కొన్నాళ్ళకు ఆ నవ్వు పోయింది.

మాది తుని. నాన్నకు బట్టల కొట్టు ఉండేది. చదువూ మొదటి ఉద్యోగమూ ముంబయిలో. హైదరాబాదులో మా కంపెనీ ఆఫీసు తెరిస్తే, మనవాళ్ళ దగ్గరికి వస్తున్నానని సంతోషంగా వచ్చేశాను. మొదటి సమావేశంలోనే నేను "అలాగేనండి" అన్న తీరు విని మా బాసు, "గోదావరి జిల్లాల కుటుంబాలన్నీ ఇక నీవే" అన్నాడు. అది మెప్పనుకున్నాను. తర్వాత ఎన్నిసార్లు వేరే పని అడిగినా, "వాళ్ళు ఇంకొకరితో మాట్లాడరు" అనేవాడు. నా భర్త, కూతురు హైదరాబాదులో ఉంటే నేను రాజమండ్రిలో ఒక హోటల్లో ఉండేదాన్ని. కొన్నాళ్ళకు ఆ హోటలువాళ్ళు నా గదిని ఇంకెవరికీ ఇవ్వడం మానేశారు.

ఆ రోజుల్లో వచ్చిన పనే ఈ అన్నదమ్ములది. కొవ్వూరు దాటాక వాళ్ళకు తవుడు నుంచి నూనె తీసే ఫ్యాక్టరీ ఉంది. తండ్రి చిన్న మిల్లుగా మొదలుపెడితే వీళ్ళిద్దరూ పెంచారు. ఫ్యాక్టరీ పక్కనే ఇల్లు. కింద అన్నగారు, మేడ మీద తమ్ముడు. అన్నగారిని అందరూ పెద్దాయన అనేవారు, తమ్ముడిని చిన్నాయన అనేవారు. నేనూ మనసులో అలాగే అనుకునేదాన్ని.

వాళ్ళిద్దరూ మాట్లాడుకోవడం మానేసి చాలా ఏళ్ళయిందని మొదటిరోజు నాకెవరూ చెప్పలేదు. పెద్దాయన ఎదురుగా కూర్చున్న తమ్ముడిని చూడకుండా, "అమ్మాయ్, ఈ ఏడాది లెక్కలు ఎప్పటికవుతాయో కనుక్కో" అన్నాడు. నేను వేరే ఎవరినో అడగమంటున్నాడనుకున్నాను. అంతలో చిన్నాయన, "ఈ నెలాఖరుకి అవుతాయని చెప్పండి" అన్నాడు నాతో. ఇద్దరి మధ్యా ఉన్నది ఒక టీ బల్ల మాత్రమే.

కారణం పెద్దాయన భార్య వంటింట్లో కూర్చోబెట్టి చెప్పింది. నూనె శుద్ధి చేసే మెషిను ఒకటి చిన్నాయన ఇష్టపడి తెప్పించాడట. అది సరిగా పనిచేయలేదు. పనివాళ్ళందరి ముందూ పెద్దాయన, "నీ చేతికి పని అప్పగించడమే నా బుద్ధి తక్కువ" అన్నాడట. చిన్నాయన ఏమీ అనకుండా మేడెక్కాడు. "అప్పట్నుంచీ అంతేనమ్మా. పొద్దున్నే నేను కూర పైకి పంపుతాను. గిన్నె కడిగి కిందికి వస్తుంది. ఈయనేమో, గిన్నె ఖాళీగా వచ్చిందా అని అడుగుతారు" అందావిడ.

ముంబయి నుంచి ఒక పెద్ద కంపెనీ ఆ ఫ్యాక్టరీని కొంటానంది. అమ్మకానికి ఇద్దరూ సరేనని మొదటి ఒప్పందం మీద సంతకాలు పెట్టారు. ఇద్దరూ ఒప్పుకున్న మొదటి విషయం అదే కాబట్టి ఇది తేలిగ్గా అయిపోతుందనుకున్నాను.

ఒక సాయంత్రం పెద్దాయన నన్ను తవుడు బస్తాలు దింపే షెడ్డు వైపు నడిపించుకుపోయాడు. పొడి గాలిలో లేస్తుంటే కండువా ముక్కుకి అడ్డం పెట్టుకుని, "నాకు అమ్మడం ఇష్టం లేదమ్మా" అన్నాడు.

"మరి సంతకం పెట్టారు కదండీ?"

"వాడి కోసం. నా కింద వాడికి ఊపిరాడ్డం లేదు. డబ్బు చేతికొస్తే వాడి ఇష్టమొచ్చింది చేసుకుంటాడు. ఈ మాట మాత్రం వాడికి తెలియకూడదు. తెలిస్తే జాలిపడ్డానని వద్దంటాడు."

చెప్పనని మాటిచ్చాను.

తర్వాతి వారం చిన్నాయన ఏవో కాగితాలు చూడాలని మేడ మీదికి పిలిచాడు. కాగితాలు తెరవనే లేదు. కిటికీలోంచి ఫ్యాక్టరీ పొగగొట్టం వైపు చూస్తూ, "ఇది లేకపోతే నేను పొద్దున్నే లేచి ఏం చెయ్యాలో నాకు తెలీదండి" అన్నాడు. "కానీ అన్నయ్యకి గుండె బాగోలేదు. వదిన చెప్పింది. ఆయన దిగులంతా ఈ ఫ్యాక్టరీయే. ఆయన కోసమే ఒప్పుకున్నాను. దయచేసి ఆయనకి చెప్పకండి."

ఆయనకీ చెప్పనని మాటిచ్చి మేడ దిగాను. ఇద్దరికీ అక్కర్లేని అమ్మకాన్ని నేను దగ్గరుండి జరిపిస్తున్నాను. అసలు సంగతి తెలిసినది నాకొక్కదానికే. దాన్ని ఎవరికీ చెప్పకుండా ఉండడమే నా ఉద్యోగ ధర్మం.

బాసుకి ఫోన్ చేశాను. ఎవరేమన్నారో చెప్పకుండా, ఇద్దరి మనసులోనూ వేరే ఉందేమోనని అన్నాను. "మనసుల పని మనకెందుకు? కాగితం మీద ఏముందో అదే వాళ్ళ ఉద్దేశం. ఈ డీల్ పోతే ఈ ఏడాది మన ఆఫీసు పరిస్థితి నీకు తెలుసు" అన్నాడు. తెలుసు. ఇంటి మీద మేము తీసుకున్న అప్పు సంగతి కూడా తెలుసు.

ఆ నెలల్లో నేను వాళ్ళిద్దరికీ నోరై బతికాను. ఫ్యాక్టరీ విషయాలతో మొదలైంది గానీ అక్కడితో ఆగలేదు. బావిలో మోటారు చెడిపోయిందని చెప్పమనేవాడు ఒకాయన. పెనుగొండ అమ్మవారి గుడికి కారు పంపుతున్నాను, వదిన వెళ్తుందేమో కనుక్కోండి అనేవాడు రెండో ఆయన. హైదరాబాదులో నా కూతురి స్కూలు ఫంక్షనులో కూర్చుని ఉంటే ఒకసారి ఫోను మోగింది. బయటికి వచ్చి, కొబ్బరికాయలు ఎవరు దింపించాలో తేల్చి, మళ్ళీ లోపలికి వెళ్ళేసరికి నా కూతురి పాట అయిపోయింది. నాకు వాళ్ళ మీద కోపం కూడా వచ్చేది కాదు. అదే భయంగా ఉండేది. ఇంకొన్నాళ్ళుంటే నాకంటూ చెప్పడానికి మాటలు మిగలవేమోననిపించేది.

కొనేవాళ్ళు చివరి చర్చలకు రాజమండ్రి వచ్చారు. రెండు కార్లలో వెళ్ళి దిగితే వాళ్ళేమనుకుంటారని పెద్దాయన భార్య ఇద్దరినీ నా కారెక్కించింది. పెద్దాయన ముందు డ్రైవరు పక్కన, చిన్నాయనా నేనూ వెనక. గోదావరి మీద పైన రోడ్డు, కింద రైలు ఉండే బ్రిడ్జి సగం దాటాక కారు ఆగిపోయింది. ముందెక్కడో లారీ అడ్డంగా ఆగిందన్నారు. వెనక వరసగా బస్సులు, ఆటోలు. ముందుకీ వెనక్కీ దారి లేదు. డ్రైవరు ఇంజను ఆపి, చూసొస్తానని దిగి వెళ్ళాడు. కింద గోదావరిలో నీళ్ళు తక్కువగా ఉన్నాయి. ఇసుక మేటల మీద ఎండ మెరుస్తోంది.

"అమ్మాయ్, వాడు పొద్దున ఏమన్నా తిన్నాడేమో అడుగు" అన్నాడు పెద్దాయన, అద్దంలోంచి ముందుకు చూస్తూ.

"తిన్నానని చెప్పండి" అన్నాడు చిన్నాయన.

"తిన్నారటండి" అన్నాను.

"ఆ పక్క ఎండ పడుతోంది, కాస్త ఇటు జరగమనండి ఆయన్ని" అన్నాడు చిన్నాయన.

నా నోరు తెరుచుకుంది కానీ మాట రాలేదు. చివరికి వచ్చిన మాట వేరు.

"నేను చెప్పనండి."

పెద్దాయన వెనక్కి తిరిగాడు. "ఏంటమ్మా?"

"షెడ్డు దగ్గర మీరు నాకొక మాట చెప్పారు. మేడ మీద ఈయన ఒక మాట చెప్పారు. ఎవరికీ చెప్పనని ఇద్దరికీ మాటిచ్చాను, చెప్పను. కానీ రెండూ ఒకటే మాటండి. మీరే చెప్పుకోండి."

కింది వంతెన మీద రైలు వెళ్ళింది. కారు సన్నగా వణికింది. దిగి నడిచి వెళ్ళిపోదామా అనుకున్నాను. నా వైపు తలుపు పక్కనే బస్సు ఆనుకుని ఉంది, తెరుచుకోదు.

"అన్నయ్యా" అన్నాడు చిన్నాయన. "నీకు అమ్మాలని ఉందా?"

పెద్దాయన కండువా కొస నలుపుతూ, "నీకు లేదా?" అన్నాడు.

"లేదు."

"నాకూ లేదురా."

నా కళ్ళ వెంట నీళ్ళొచ్చాయి. అయిపోయింది, బయటపడ్డాను అనుకున్నాను. "ఇప్పటికైనా ఆపొచ్చండి, చివరి సంతకాలు కాలేదు" అన్నాను గబగబా.

"ఆపితే నీ ఉద్యోగానికి ఇబ్బందేమో?" అన్నాడు పెద్దాయన.

"అది నేను చూసుకుంటాను."

ఆయన తలూపాడు. చిన్నాయన మాత్రం కిటికీలోంచి నది వైపు చూస్తున్నాడు. "ఆపితే రేపు పొద్దున్నే ఇద్దరం ఒకే గదిలో కూర్చోవాలన్నయ్యా" అన్నాడు.

"కూర్చుందాం."

"తవుడు ధర దగ్గర నువ్వొకటంటావు, నేనొకటంటాను. నువ్వు నలుగురి ముందూ నోరు పారేసుకుంటావు."

పెద్దాయన ఆలోచించాడు. "పారేసుకుంటాను" అని ఒప్పుకున్నాడు. "నువ్వు మేడెక్కి కూర్చుంటావు."

"కూర్చుంటాను."

ఇద్దరి గొంతులోనూ కోపం లేదు. ఇన్నేళ్ళలో వాళ్ళు మాట్లాడుకున్నది అదే, అదీ ఇంత నెమ్మదిగా.

"మన వల్ల కాదురా" అన్నాడు పెద్దాయన.

"కాదన్నయ్యా."

డ్రైవరు పరిగెత్తుకొచ్చి, లారీని తీశారని చెప్పాడు. చర్చలు జరిగే హోటలు చేరాం. కొద్దిరోజుల తర్వాత ఇద్దరూ సంతకాలు పెట్టారు. ఆ రోజు కూడా ఒకే కారులో వచ్చారు, ఈసారి ఎవరూ ఎక్కించకుండానే.

కొన్నవాళ్ళ షరతు ప్రకారం పెద్దాయన కొంతకాలం సలహాదారుగా ఫ్యాక్టరీకి వెళ్ళాలి. ఆ గడువు తగ్గించమని నేను చాలా పట్టుబట్టాను కానీ వాళ్ళు వినలేదు. మొదటి వారంలోనే ఆయన ఫోన్ చేశాడు. "గేటు దగ్గర కార్డు చూపించమన్నారమ్మా. మన వాచ్‌మనే. పాపం, అడగలేక అడిగాడు. ఇది ఎప్పటిదాకా?"

"అగ్రిమెంటు అయ్యేదాకా ఉండాలండి."

"మధ్యలో మానకూడదా?"

"కూడదండి."

"సరే" అన్నాడు. నన్ను ఒక్క మాటైనా అని ఉంటే బాగుండేది.

నేను కూడా ఇక ఈ పని వద్దని, హైదరాబాదులోనే ఏదైనా ఇమ్మని బాసుని అడిగాను. "ఆ అన్నదమ్ముల చేత సంతకం పెట్టించావని గోదావరి జిల్లాలంతా చెప్పుకుంటున్నారు. ఇప్పుడు నిన్నెలా మారుస్తాం?" అన్నాడు. జీతం పెంచారు. రాజీనామా రాశాను, పంపలేదు.

ఈమధ్య ఆ దారిన వెళ్తూ వాళ్ళింట్లో భోజనానికి ఆగాను. అన్నదమ్ములిద్దరూ కిందే తింటున్నారు. చారులో ఉప్పు ఎక్కువైందని ఒకాయన, సరిపోయిందని ఒకాయన. పెద్దాయన భార్య నాకు నెయ్యి వడ్డిస్తూ, "ఇప్పుడు మాట్లాడుకుంటున్నారమ్మా. దెబ్బలాడుకుంటున్నారు కూడా. నాకు కూర పైకి పంపే పని తప్పింది" అంది. చిన్నాయన రొయ్యల చెరువులు చూశాడట, కోల్డ్ స్టోరేజీ చూశాడట, ఏదీ మొదలుపెట్టలేదు. రోజూ అన్నగారిని ఫ్యాక్టరీ గేటు దాకా కారులో దింపి, మళ్ళీ తీసుకొస్తాడు. పక్కనే ఉన్న గేటుకి కారెందుకని ఎవరూ అడగడం లేదు.

పెద్దాయన నన్ను సాగనంపడానికి బయటికి వచ్చాడు. "ఈసారి ఎవరింటికి?"

"తునికండి. జీడిపప్పు ఫ్యాక్టరీ. తండ్రీ కూతుళ్ళు."

"మాట్లాడుకుంటున్నారా?"

"కూతురు మాట్లాడుతోందండి. తండ్రి నాకేసి చూసి జవాబు చెబుతున్నాడు."

ఆయన నా తల మీద చెయ్యి పెట్టి తీశాడు. "జాగ్రత్తమ్మా" అన్నాడు. అంతలో చిన్నాయన హారను కొట్టాడు, టైమవుతోందని. పెద్దాయన జేబులో కార్డు ఉందో లేదో తడిమి చూసుకుని కారెక్కాడు. నేను నా కారెక్కి, డ్రైవరుకి తుని వెళ్ళాలని చెప్పాను.