పలక మీద బాతు కాలు

నా చిన్నప్పటి కోపాలు చాలావరకు ఎప్పుడో చల్లారిపోయాయి. ఒక్కటి మాత్రం చల్లారలేదు. ఎక్కడైనా గ్రహణం మాట వినపడితే చాలు, అరవై దాటిన ఈ వయసులో కూడా నాకు ఒళ్లు మండుతుంది. సూర్యాపేటలో ముప్పై ఏళ్లు పిల్లలకు జీవశాస్త్రం చెప్పి రిటైరయ్యాను. ఆ చదువుకు మొదటి మాస్టరు మా అమ్మమ్మ. ఆమెకు వేలిముద్ర తప్ప సంతకం రాదు.

మాది ఆత్మకూరు పక్కన చిన్న పల్లె. గొర్లు కాసే కుటుంబం. మా అమ్మ పుట్టిల్లు మిర్యాలగూడ అవతల, కాలువ కింద వరి పండే ఊరు. అక్కడ మా అమ్మమ్మ బాతులు పెంచేది. కోతలయ్యాక పొలాల్లో బాతుల మందను తోలుకుంటూ తిరిగేది. బాతులు గుడ్లు పెడతాయి కానీ కుదురుగా పొదగవు. అందుకని వాటి గుడ్లను కోళ్ల కింద పెట్టి పిల్లల్ని దించేది. జీవితమంతా ఆమె పని అదే.

నాకు తొమ్మిదేళ్లప్పుడు ఒక పట్టపగలు సూర్యగ్రహణం పట్టింది. అమ్మకు అప్పుడు ఏడో నెల. నాయనమ్మ, నాయిన ముందు గదిలో తలుపులు మూసుకుని పడుకున్నారు. అమ్మను, నన్ను వెనక గదిలో కదలకుండా పడుకోమన్నారు. అదే సమయంలో దొడ్డిలో ఒక గొర్రె ఈనలేక అరవడం మొదలుపెట్టింది. అమ్మ కాసేపు చెవులు మూసుకుంది. ఇంక ఉండలేక లేచింది. ఆమె వెనకే నేను కూడా వెళ్లాను. పిల్ల కాలు అడ్డం తిరిగి ఉంది. అమ్మ చెయ్యి పెట్టి లాగితే పిల్ల బయటపడింది కానీ ముందు కాలు విరిగింది. అమ్మ కొంగు చింపి, రెండు వెదురు పుల్లలు పెట్టి కట్టు కట్టింది. గుడ్డ కొస నేను పట్టుకున్నాను. ఆ సాయంత్రం అమ్మ, గ్రహణం విడిచాకే గొర్రె ఈనిందని చెప్పింది. "బతికిచ్చినవ్ బిడ్డా" అని నాయనమ్మ మెచ్చుకుంది కూడా.

రెండు నెలలకు చెల్లె పుట్టింది. ఎడమ చేతి నడిమి వేలు, ఉంగరపు వేలు కలిసిపోయి పుట్టింది. అంతే, మిగతా పిల్ల అంతా ముద్దుగా ఉంది. కానీ ఆ చెయ్యి చూసిన దగ్గర నుంచి నాయనమ్మ ముఖం మారిపోయింది. నన్ను ఇంటి వెనక్కి పిలిచి చేతిలో బెల్లం ముక్క పెట్టింది.

"మీ అమ్మ ఆ గ్రహణం పూట బయటికి పోయిందా? నాకు చెప్పు బిడ్డా, ఎవ్వరికి చెప్ప."

"పోయింది. గొర్రెపిల్ల కాలు గూడ కట్టింది. నేనే గుడ్డ పట్టుకున్న."

గొప్పగా చెప్పాను. మా అమ్మ ఎంత ధైర్యవంతురాలో అందరికీ తెలియాలని నా తాపత్రయం. బెల్లం నోట్లో కరిగేలోపే ఇంట్లో అరుపులు మొదలయ్యాయి. గొర్రెపిల్లకు కట్టిన కట్టే మనుమరాలి చేతికి పడిందట. ఇంత పాపిష్టిది ఇంట్లో ఉంటే మందంతా నాశనం అవుతుందట. తల్లినీ పిల్లనూ పుట్టింటికి తోలి, కొడుక్కి ఇంకో పిల్లను చూస్తానని నాయనమ్మ తేల్చి చెప్పింది. మా నాయిన గోడకు చేరగిలబడి, నోట్లో నాలుక లేనట్టు కూర్చున్నాడు. గొర్రె అరుస్తుంటే వీళ్లిద్దరూ ఎక్కడున్నారు? ముసుగుతన్ని పడుకున్నారు! ఆ మాట అడిగే వయసు నాకు లేదు. అమ్మకు ధైర్యం లేదు. ఆమె అప్పటికే నమ్మేసింది. పసిదాని చెయ్యి పట్టుకుని "నేనే చేసిన, నేనే చేసిన" అని ఒకటే ఏడుపు.

కబురు అందిన మూడో రోజు అమ్మమ్మ బస్సు దిగింది. నెత్తి మీద గంప, గంపలో ఊక, ఊకలో గుడ్లు. కొట్లాడుతుందని అందరూ అనుకున్నారు. ఆమె గొంతు కూడా పెంచలేదు.

"తీస్కపోత వదినె. తీస్కపోనంటలేను. పచ్చి బాలింత, జర నాలుగు వారాలు ఆగు. గుడ్లు తెచ్చిన. నీ కోడి పొదుగుడుకు కూసున్నది గద, దాని కింద పెట్టనీయి. పిల్లలు దిగినంక అవన్ని నీకే. నా బిడ్డను నేను తోలుకపోత."

ఊరికే వచ్చే కోడిపిల్లలు, బాతుపిల్లలు! నాయనమ్మ సరేనంది. నాకు మాత్రం అమ్మమ్మ మీద పట్టరాని కోపం వచ్చింది. బిడ్డ కాపురం కూలిపోతుంటే ఈమె గుడ్లు పెట్టుకుంటుందేమిటని ఆ రోజంతా ఆమెతో మాట్లాడలేదు. ఆమె అదేం పట్టించుకోలేదు. బాతు గుడ్లు ముందు పెట్టింది. అవి నెమ్మదిగా ఎదుగుతాయి కాబట్టి రెండు రోజులాగి కోడి గుడ్లు పెట్టింది. తలుపు సందులోంచి పడే ఎండకు గుడ్డును అడ్డంపెట్టి లోపల ఎంతవరకు వచ్చిందో చూసుకునేది.

కోడి గుడ్లు పెట్టిన ఏడో రోజు నన్ను దొడ్డి వెనక్కి పిలిచి, పలక తెమ్మంది. ఒక కోడి గుడ్డు, ఒక బాతు గుడ్డు పగలగొట్టింది. లోపలి పిల్లలకు తలంతా కళ్లే అన్నట్టు పెద్ద కళ్లు ఉన్నాయి. నేను ఏడ్చేశాను. ఆమె చేతులు మాత్రం ఆగలేదు. నీళ్లతో కడిగి, తుమ్మ ముల్లుతో రెండు కాళ్లు తీసి నా నల్ల పలక మీద పక్కపక్కన పెట్టింది. బియ్యపు గింజలో సగం కూడా లేవు.

"ఏది కోడిది, ఏది బాతుది? చెప్పు."

చెప్పలేకపోయాను. రెండూ చిన్న తెడ్లలా ఉన్నాయి. వేళ్ల గీతలు ఉన్నాయి కానీ వేళ్లు విడిపోలేదు. మధ్యలో పల్చటి తోలు ఉంది, రెండింటికీ. పొదుగు మధ్యలో ఆగిపోయిన గుడ్లు పగలగొట్టి పారేసేటప్పుడు ఆమె ఎన్నో ఏళ్లుగా ఇది చూస్తూనే ఉందట. మనిషి చెయ్యి కూడా ఇట్లాగే తయారవుతుందని ఆమె అనుమానం.

అప్పుడు ఏడుస్తూనే ఆమెకు నా పాపం చెప్పేశాను. బెల్లం సంగతి కూడా చెప్పాను. ఆమె ముల్లు పక్కన పెట్టి నా ముక్కు తుడిచింది.

"నువ్వు జరిగింది చెప్పినవ్ బిడ్డా. గది తప్పు గాదు. దాన్ని పట్టుకొని నీ తల్లిని ఇంట్లకెల్లి ఎల్లగొడ్తున్నరు సూడు, గది తప్పు."

ఆ మాట నన్ను ఊరడించడానికే అందని అప్పుడే తెలుసు. ఇప్పటికీ దాన్ని పూర్తిగా నమ్మలేదు.

ఇంకో వారం గడిచింది. ఒక పొద్దున నాయనమ్మ, నాయిన ఇద్దరూ అరుగు మీద ఉండగా అమ్మమ్మ మళ్లీ నా పలక అడిగింది. వాళ్ల కళ్ల ముందే రెండు గుడ్లు పగలగొట్టింది. ఈసారి ఏది ఎవరిదో అడగాల్సిన పనే లేదు. కోడి కాలికి వేళ్లు విడివిడిగా ఉన్నాయి. బాతు కాలికి వేళ్ల మధ్య తోలు అట్లాగే ఉంది.

"వారం కింద ఈ రెండు ఒక్క తీరుగ ఉండె వదినె. నీ మనుమరాలు సూసింది, అడుగు. కోడికి నడిమి తోలు దానంతట అదే పోతది. బాతుకు పోదు. నీ చిన్న మనుమరాలికి ఒక్క సందుల పోలే. గంతే!"

"మనిషి, కోడి ఒక్కటేనా?" అని నాయనమ్మ గయ్యిమంది.

అమ్మమ్మ గొంతు పెరగడం ఆ ఒక్కసారే విన్నాను. "ఒక్కటి గాదు. తయారయ్యేటప్పుడు మాత్రం ఒక్క తొవ్వలనే నడుస్తరు. కావాలంటే చెప్పు వదినె, లోకంల ఉన్న బాతులన్నిటి కాళ్లు అతుక్కునే ఉంటయి. ఏ బాతు తల్లి గ్రహణం పూట గొర్రె కాలు కట్టింది?"

కాలు నయమైన ఆ గొర్రెపిల్ల అప్పుడే అరుగెక్కి గంపలో ఊక కెలుకుతోంది. మా నాయిన దాని వైపు చూశాడు. పలక వైపు చూశాడు. "అమ్మా, ఇగ సాలు" అన్నాడు. ఆ ఒక్క మాటతో అమ్మ ఆ ఇంట్లో ఉండిపోయింది. పిల్లలు దిగాక కోడిపిల్లలూ బాతుపిల్లలూ నాయనమ్మకే అప్పజెప్పి అమ్మమ్మ బస్సెక్కింది. తర్వాత ఏడాది నాయనమ్మ, ఎదిగిన ఆ గొర్రెపిల్లను సూర్యాపేటలో అమ్మించి చెవులకు కమ్మలు చేయించుకుంది. నాయిన మారాడు కదా అని అందరూ సంతోషించారు. నాకు సంతోషం కలగలేదు. ఆ ఒక్క మాట అనడానికి ఆయనకు నాలుగు గుడ్లు పగలాల్సి వచ్చింది!

తర్వాత డిగ్రీలో చదువుకున్నాను. వేళ్ల మధ్య ఉన్న కణాలు చనిపోవాలని జన్యువుల్లో ఆజ్ఞ ఉంటుంది. బాతు కాలిలో ఇంకో జన్యువు ఆ ఆజ్ఞను అడ్డుకుంటుంది. గబ్బిలం రెక్కలోనూ అట్లాగే అడ్డుకుంటుంది, అందుకే అది ఎగరగలుగుతుంది. కప్ప, బల్లి, గొర్రె, మనిషి, అందరివీ ఒకే పద్ధతిలో మొదలై, ఎక్కడ ఆగాలి, ఎక్కడ సాగాలి అన్న దగ్గర వేరైన ఒళ్లు. అమ్మమ్మ కళ్లతో చూసిందే పుస్తకంలో ఉంది. అక్కడే ఇంకో సంగతి కూడా ఉంది. అది చదివిన రోజు పుస్తకం విసిరికొట్టాను. మనిషి పిండానికి రెండో నెల దాటేసరికే వేళ్లు విడిపోతాయి. గ్రహణం పట్టినప్పుడు అమ్మకు ఏడో నెల! చెల్లె చెయ్యి ఎట్లా ఉండాలో అప్పటికి అయిదు నెలల ముందే ఖాయమైపోయింది.

ఉరుకులు పరుగుల మీద ఊరికి వెళ్లి అమ్మకు చెప్పాను. "అట్లనా" అంది. తల ఊపింది. కానీ తను చనిపోయేదాకా, చెల్లె పక్కన కూర్చున్నప్పుడల్లా ఆ ఎడమ చెయ్యి ఒళ్లోకి తీసుకుని, కలిసిన ఆ రెండు వేళ్ల మధ్య తన బొటనవేలితో రాస్తూనే ఉండేది. విడదీద్దామన్నట్టు. చెల్లె ఇప్పుడు కోదాడలో బట్టలు కుడుతుంది, ఆ చెయ్యి ఆమెకు ఏ పనికీ అడ్డం రాలేదు. అడ్డం వచ్చింది అమ్మకే. అమ్మమ్మ ఆమె కాపురాన్ని నిలబెట్టగలిగింది కానీ, మనసులో దిగిన ఆ ముల్లును మాత్రం తీయలేకపోయింది. దాన్ని గుచ్చినవాళ్లను నేను క్షమించలేదు. అందులో నన్ను కూడా కలుపుకునే చెబుతున్నాను.

మొన్న గ్రహణం రోజు సాయంత్రం నా కోడలు గదిలో తలుపేసుకుని వెల్లకిలా పడుకుంది. ఆరో నెల. కదలొద్దనీ, చుక్క నీళ్లు కూడా తాగొద్దనీ వాళ్లమ్మ ఊరి నుంచి గంటకోసారి ఫోను. నేను తలుపు తీసి లైటు వేశాను. పిల్ల పెదవులు ఎండిపోయి ఉన్నాయి. మంచినీళ్ల గ్లాసు చేతికిస్తే తీసుకోవడానికి భయపడింది.

"ఏమన్నా అయితే ఎట్లా అత్తమ్మా? అందరూ నన్నే అంటారు."

"అయితే అయితది. నీ వల్ల మాత్రం గాదు. గా మాట అందరికి నేను చెప్త. చెప్పుడు నాకు చిన్నప్పటి సంది అలవాటే."

ఆ చివరి మాట ఆమెకు అర్థం కాలేదు. నీళ్లు మాత్రం గటగటా తాగి ఇంకో గ్లాసు అడిగింది. అంతలో మళ్లీ ఫోను మోగింది. ఈసారి నేనే ఎత్తాను. బెల్లం ముక్క తిని మా అమ్మను పట్టించిన నోరు ఇదే. దీన్ని ఇంక మూసేది లేదు.