ఫిలోమినా టీచర్ ఐర్లాండు పాట

మొన్న సాయంత్రం పార్వతీపురంలో మా పక్కింటి టీవీలోంచి ఒక పాట గోడ దాటి వచ్చింది. ఏదో పాత ఇంగ్లీషు సినిమా. పియానో, దాని వెనకే సన్నగా వణికే మగగొంతు. బియ్యం కడుగుతున్న నా చేతులు నీళ్లలోనే ఆగిపోయాయి. పాడేదెవరో తెలియదు గాని, అది ఐర్లాండు పాటని మాత్రం పోల్చుకోగలిగాను. అలా పోల్చుకోవడం నేర్పింది ఫిలోమినా టీచర్.

తొంభైల్లో అరకు దగ్గర ఒక మిషన్ హాస్టల్లో ఉండి చదువుకున్నాను. ఆవిడ మాకు ఇంగ్లీషు, పాటలు చెప్పేవారు. సొంత దేశానికి తిరిగి వెళ్లిపోయిన ఒక ఐర్లాండు సిస్టరు వదిలిపెట్టిన వీడియో క్యాసెట్లు ఆవిడ దగ్గర ఉండేవి. ఆదివారం ప్రార్థన అయ్యాక ఆ నలుపు తెలుపు సినిమాలు వేసేవారు. కథ మాకు ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. సినిమాలో ఎవరో టోపీ తీసి చేత్తో పట్టుకుని పాట అందుకోగానే టీచర్ కళ్లు తుడుచుకునేవారు.

"ఎందుకేడుస్తున్నారు టీచర్?" అని ఒకసారి అడిగాను.

"వీళ్లకి సొంత భాష ఒకటుండేది. ఇప్పుడు చాలామందికి రాదు. వాళ్ల దుఃఖం కూడా ఇంగ్లీషులోనే పాడుకుంటారు."

నాకు అయోమయంగా అనిపించింది. ఎందుకంటే క్లాసులో మేం కొండపిల్లలం మా కువి భాషలో గుసగుసలాడితే బెంచీ ఎక్కించేది ఆవిడే. "తెలుగులో మాటాడండి. లేకపోతే సంతలో కూడా మోసపోతారు," అనేవారు. ఎక్కడో ఎవరి భాషో పోయిందని ఏడ్చే మనిషి మా భాష వినిపిస్తే ఎందుకంత బిగుసుకుపోయేవారో తెలిసేది కాదు.

ఒక ఏడాది వార్షికోత్సవానికి ఆ సినిమా పాటల్లో ఒకటి నాకు నేర్పారు. ఆ రోజు ఉదయం నానమ్మ పెదబయలు నుంచి జీపెక్కి వచ్చింది. గుమ్మంలో నిలబడి, టీచర్ ముందు నేను సాధన చేస్తున్న పాటంతా విని, "ఏటి పాడిత్తన్నారమ్మా మా గుంట సేత? ఎవులు సచ్చిపోనారు?" అంది.

పిల్లలు నవ్వారు. టీచర్ నవ్వలేదు. "దూరదేశం పాటమ్మా. భాష పోగొట్టుకున్నవాళ్లది," అన్నారు.

నానమ్మ దగ్గరికి వెళ్లి ఆవిడ ముఖంలోకి చాలాసేపు చూసింది. తర్వాత కువిలో, నువ్వు ఎవరి బిడ్డవని అడిగింది. రాదని చెప్పేస్తారనుకున్నాను. టీచర్ పెదవులు తడుపుకున్నారు. చీకట్లో గోడ తడుముకునే మనిషిలా, ఒక్కొక్క మాటే వెతుక్కుంటూ కువిలోనే తల్లి పేరు, ఊరి పేరు చెప్పారు. నానమ్మకి ఆ తల్లి తెలుసు. టీచర్ తల మీద చెయ్యి వేసింది.

"ఆ పాటొద్దులే. చోడిచేలో కలుపు తీస్తూ మీ నానమ్మ పాడే పాట పాడు," అన్నారు టీచర్ నాతో, ముఖం పక్కకి తిప్పుకుని.

ఆ సాయంత్రం స్టేజీ మీద నానమ్మ పాటే పాడాను. నడుమ ఒక మాట మరిచిపోయి ఆగితే, తెర పక్కనుంచి దాన్ని అందించింది టీచరే.

ఇకనుంచి మమ్మల్ని ఏమీ అనరనుకున్నాను. మర్నాడు వెనక బెంచీలో ఎవరో కువిలో మాట్లాడితే మళ్లీ నిలబెట్టారు. నేను తెల్లబోయి చూశాను. "బయట బతకాలి కదే," అన్నారు, నా వైపు చూడకుండా.

ఇప్పుడు నేనూ టీచర్నే. నా క్లాసులోనూ కొండపిల్లలున్నారు. వాళ్లు తమ భాషలో గుసగుసలాడుకుంటుంటే ఆపాలో, వినాలో నాకు ఈనాటికీ తేలలేదు. బోర్డు వైపు తిరిగి, వాళ్ల మాట పూర్తయ్యేదాకా నెమ్మదిగా రాస్తూ ఉంటాను.