శవం చెయ్యెత్తిన సినిమా కోసం ఖరగ్‌పూర్ దాకా

ఒక సినిమా చూడటానికి రాత్రంతా రైల్లో కూర్చుని ఖరగ్‌పూర్ వెళ్ళొచ్చానంటే మా ఆఫీసులో ఎవరూ నమ్మలేదు. ఆ దర్శకుడి పేరు ఇక్కడ రాయను, రాస్తే కింద కామెంట్లలో తలలు పగులుతాయి. ఆయన్ని నెత్తిన పెట్టుకునేవాళ్ళు కొందరైతే, పేరెత్తితేనే మొహం చిట్లించేవాళ్ళు చాలామంది. నాది మొదటి జట్టు. తలాతోకా లేని నాలుగు కథలు కలిపి ఆయన తీసిన కొత్త సినిమా మా విశాఖకి రానే లేదు. ఇంతలో ఖరగ్‌పూర్ నుంచి ఎస్తేరు పిన్ని ఫోన్ చేసింది. “ఓలే, మీ బాబాయి అందులో యాక్ట్ సేసినాడు. ఇక్కడ ఇందా పేటలో హాల్లోకి వచ్చింది. శనివారం మ్యాట్నీకి సర్చివోళ్ళందరం ఎల్తన్నాం. నువ్వొచ్చి కత సెప్పకపోతే మాకేటి తెలుత్తాది?” అంది. రోగి కోరిందీ వైద్యుడు ఇచ్చిందీ ఒకటే అయింది. వెంటనే టికెట్ తీశాను.

శుక్రవారం సాయంత్రం విశాఖలో హౌరా వైపు రైలెక్కితే తెల్లారేసరికి ఖరగ్‌పూర్‌లో దిగొచ్చు. స్లీపరుకి ఐదు వందల లోపే, కానీ శని ఆదివారాలకి ముందే నిండిపోతుంది, కాస్త తొందరపడండి. ప్లాట్‌ఫాం నడిచినకొద్దీ సాగుతూనే ఉంటుంది కాబట్టి సామాను తక్కువ పెట్టుకోండి. స్టేషన్‌కి బోగ్డా అనే వైపు నుంచి బయటికొస్తే బ్యాటరీతో నడిచే టోటోలు వరసగా ఉంటాయి. పిన్నివాళ్ళుండే నిమ్‌పురాకి నలుగురితో కలిసి వెళితే ఇరవై, ఒక్కరే మాట్లాడుకుంటే ఎనభై అడుగుతారు. నేను ఒక్కదాన్నే ఎక్కాను. దారిలో డ్రైవర్ని ఆ సినిమా ఎలా ఉందని అడిగాను. “దీదీ, మత్ దేఖియే, చూడొద్దు. ఏం అర్థం కాదు. నేను ఇంటర్వెల్‌లోనే వచ్చేశాను,” అన్నాడు హిందీలో. ఆ మాటకి నాకు రోషం వచ్చింది. అర్థం చేసుకునే ఓపిక ఉండాలిలే అని మనసులో అనుకున్నాను.

సామ్యూల్ బాబాయి రైల్వేలో పాయింట్స్‌మన్‌గా చేసి రిటైరయ్యాడు. సినిమా మధ్యాహ్నమైతే, పొద్దున్నే ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా వేసుకుని కూర్చున్నాడు. పిన్ని ఇడ్లీల పక్కన ఆలూదమ్ పెట్టింది. ఆ జోడీ ఈ ఊళ్ళోనే కుదురుతుంది, సందేహించకుండా తినండి. బాబాయి మాత్రం ఇడ్లీ తుంచి పక్కన పెడుతున్నాడు. పిన్ని స్నానానికి వెళ్ళగానే కుర్చీ దగ్గరికి జరుపుకున్నాడు.

“అమ్మా, నాను అందులో ఉన్నానో లేదో నాకే తెల్దు. రెండేళ్ళ కిందట ఓ సిన్న స్టేషన్‌లో తీసినారు. నాది శవం ఏసం. బల్ల మీద పడుకోబెట్టి కదలొద్దన్నారు. పడుకున్నాను. ఇంతలో ఓ గూడ్సు ఆగకుండా ఎల్తన్నాది. కూత ఇనబడింది. నాకేటైపోయిందో, లేచి కూకుని సెయ్యెత్తీసినాను.”

రైల్వేతో సంబంధం లేనివాళ్ళకి ఒక మాట చెప్పాలి. స్టేషన్‌లో ఆగకుండా రైలు పోతున్నప్పుడు అక్కడి సిబ్బంది ప్లాట్‌ఫాం మీద నిలబడి, చక్రాలన్నీ చూస్తూ పచ్చజెండా చూపిస్తారు. అంతా సవ్యంగా ఉంది, పొమ్మని అర్థం. ఇంజన్‌లోంచి డ్రైవరూ బదులు చూపిస్తాడు. బాబాయి ఉద్యోగమంతా చేసిన పని అదే. జెండా లేకపోతే చెయ్యే.

“మరి డైరెక్టర్ తిట్టాడా?”

“ఏటీ అన్లేదు. నోరెల్లబెట్టి సూసినాడు. మల్లీ గూడ్సు రాలేదు, సామాన్లు సదిరీసినారు. ఆ ముక్క తీసీసుంటారమ్మా. శవం సెయ్యెత్తుద్దేటి? పాస్టరు గారు ఆదివారం నా పేరు సెప్పి ప్రార్థన కూడా సేసినారు. ఇప్పుడు నా మొకం కనపడకపోతే నాను సర్చికి ఎలాగెల్తాను?”

ఆయన గొంతు వింటే నాకు భయం వేసింది. ఈ దర్శకుడు కత్తెర పట్టుకుంటే అన్నదమ్ముల్ని కూడా చూడడని నాకు తెలుసు.

అన్నాలయ్యాక రెండు టోటోల్లో ఇందా పేటలోని హాలుకి వెళ్ళాం. దారిలో బజారు రద్దీ ఉంటుంది, అరగంట ముందు బయలుదేరాలి. టికెట్ నూట ఇరవై. మా చర్చివాళ్ళే నాలుగు వరసలు నిండారు, మిగతా హాలంతా బెంగాలీ కుటుంబాలు. మొదటి కథలో ఒకాయన తన చెప్పులకి క్షమాపణ చెబుతూనే ఉంటాడు. రెండోది లిఫ్టులో పెళ్ళి. అర్థం లేకపోవడం గురించి నాకు ఫిర్యాదు లేదు. ఆయన పాత సినిమాల్లో అర్థం లేకపోయినా మనుషులకి ఆకలేసేది, ఏడుపొచ్చేది. ఇందులో అందరూ తెలివిగా ఉన్నారు, అంతే. ఇంటర్వెల్‌లో టోటో డ్రైవర్‌కి మనసులోనే దండం పెట్టుకున్నాను.

మూడో కథ మొదలైంది. ప్లాట్‌ఫాం బల్ల మీద శవం. దుప్పటి మెడ దాకా ఉంది, మొహం అటు తిరిగి ఉంది. చుట్టూ నలుగురు చేరి, దాని పక్కనున్న గొడుగు ఎవరిదని వాదించుకుంటారు. వాదించుకుంటూనే ఉంటారు. బాబాయి నా మణికట్టు పట్టుకున్నాడు. అప్పుడు కూత వినబడింది. గూడ్సు వచ్చింది. శవం లేచి కూర్చుని, దుప్పటి తీసి, చెయ్యెత్తింది. తెర నిండా బాబాయి మొహం. ఇంజన్ కిటికీలోంచి డ్రైవరు కూడా చెయ్యెత్తాడు. చివరి పెట్టె దాటేదాకా ఆ చెయ్యి దిగలేదు. దాటాక మళ్ళీ పడుకుని దుప్పటి కప్పుకున్నాడు.

మా వెనక ఒక ముసలాయన లేచి తెర వైపు చెయ్యెత్తాడు. ఆయన పక్కన ఇంకొకరు. వరస తర్వాత వరస, రైల్వేలో పని చేసినవాళ్ళందరూ. ముందు వరసలోంచి ఒక బెంగాలీ పెద్దాయన “ఠీక్ హై, దాదా!” అని అరిచాడు. పిన్ని పగలబడి నవ్వింది. “సచ్చినా డూటీ మానడు ఈ మడిసి!” అని, వెంటనే కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. నాకూ ఏడుపొచ్చింది. నాలుగో కథేమిటో నన్నడక్కండి, మేమెవరమూ చూడలేదు.

సాయంత్రం రైలుకి బాబాయి ఒక్కడే స్టేషన్‌కి వచ్చాడు. పాస్టరు గారు రేపు చర్చిలో అందరి ముందూ సాక్ష్యం చెప్పమన్నారని సిగ్గుపడుతూ చెప్పాడు. ఇంత అభిమానించిన దర్శకుడు నన్ను నిరాశపరిచాడు, ఆ మాట దాచను. కానీ ఆ చెయ్యిని కత్తిరించకుండా ఉంచినందుకు ఆయన మీద కోపం ఉంచుకోలేకపోయాను. కడుపు నిండా తిన్నంత తృప్తిగా సీట్లో కూర్చున్నాను. రైలు కదిలింది. కిటికీలోంచి టాటా చెప్పాను. బాబాయి నన్ను చూడలేదు, చక్రాల వైపు చూస్తూ నిలబడి చెయ్యెత్తాడు.

ఈ దారిలో వెళ్ళేవాళ్ళకి ఒక్క సలహా. పగటి ప్రయాణమైతే కిటికీ సీటు తీసుకోండి. ఆగని స్టేషన్లలో ఎవరో ఒకరు నిలబడి చెయ్యో జెండానో చూపిస్తుంటారు. అది మనకి కాదు, డ్రైవర్‌కి. అయినా మీరూ చెయ్యెత్తండి.