కురామోచి మాస్టారి రెండు దేశాలు

కురామోచి తెరుహికో మాస్టారికి ఏ విషయాన్నయినా ఒక్క దేశంతో సరిపెట్టడం చేతకాదు. మీకు జలుబు చేసిందని చెప్పినా సరే, ఆ జలుబుని ముందు జపాన్‌లో ఒకసారి, తర్వాత అమెరికాలో ఒకసారి పరిశీలించి, తేడా తేల్చాక గానీ మీ చేతికి రుమాలు ఇవ్వరు.

ఆయన వృత్తే అది. రెండు దేశాల్లో పెద్ద చదువులు ఎలా నడుస్తాయో పోల్చి నాలుగు లావుపాటి పుస్తకాలు రాశారు. అయితే మిగతా మాస్టార్లు సాయంత్రం ఐదింటికి వృత్తిని గదిలో పెట్టి తాళం వేసుకుని పోతారు. ఈయన వెంట తీసుకుపోతారు.

నా పేరు మినగావా. నీగాటాలో ఓ మోస్తరు ప్రైవేటు విశ్వవిద్యాలయంలో, విదేశీ విద్యార్థుల విభాగంలో పని చేస్తాను. పద్దెనిమిదేళ్ళుగా ఆయన గది తలుపు నా బల్లకి సరిగ్గా ఎదురుగా ఉంది. కాబట్టి నేను అమెరికా చూడకపోయినా, అక్కడి స్టేప్లర్లకీ ఇక్కడి స్టేప్లర్లకీ ఉన్న తేడా నాకు తెలుసు.

మా క్యాంటీన్‌లో కర్రీ అన్నం వడ్డించే ఆవిడ ఒకరోజు మామూలుగా అడిగింది. "మాస్టారూ, పెద్ద ప్లేటా, చిన్న ప్లేటా?"

"చూశారా, ఒకే ఒక్క ప్రశ్న! అమెరికాలో అయితే ఏ రొట్టె, ఏ చీజు, ఉల్లిపాయ వేయాలా వద్దా అని ఓ డజను అడుగుతారు. అక్కడి చదువూ అంతే, ఏ సబ్జెక్టు కావాలో పిల్లాడే ఏరుకుంటాడు. ఇక్కడ మనం పెట్టింది తింటాడు. ఇందులో ఏది మేలంటే..."

"మాస్టారూ, జపాన్‌లో అయితే మీ వెనక పదిహేనుమంది నిలబడి ఉన్నారు."

పన్ను పీకించుకునేటప్పుడు కూడా ఊరుకోలేదట. నోట్లో దూది కుక్కి ఉండగానే "అఎఇకాలో..." అని మొదలుపెట్టారని, డాక్టరు ఇంకో ఉండ దూది పెట్టాడని ఆయన భార్యే మాకు చెప్పింది. ఆవిడ ఆ డాక్టరుకి పండక్కి మిఠాయి పంపింది కూడా.

విశ్వవిద్యాలయాలన్నీ అంతర్జాతీయం కావాలని పైనుంచి కాగితం వచ్చిన ఏడు మా సెక్షన్ ఆఫీసరు సొనోబే గారు రాత్రింబగళ్ళు ఆలోచించి, ప్రతి మరుగుదొడ్డి మీదా ఇంగ్లీషు బోర్డు పెట్టించారు. మొత్తం నలభై మూడు. తళతళలాడే ఆ బోర్డుల్ని చూపించడానికి కురామోచి మాస్టారిని వెంటబెట్టుకుని అన్ని అంతస్తులూ తిప్పారు.

"బాగున్నాయి సొనోబే గారూ. అమెరికాలో అయితే ఇవి అక్కర్లేదు. పరాయి దేశం పిల్లలే ఇంగ్లీషు నేర్చుకుని, ఫీజు కట్టి, విమానమెక్కి వస్తారు. మా దగ్గరికి లోకమంతా వస్తోంది, మేం ఎప్పుడో అంతర్జాతీయం అయిపోయాం అనుకుంటారు వాళ్ళు. మనం బోర్డులు పెట్టి అయిపోయాం అనుకుంటాం. ఇద్దరిలో ఎవరూ కూర్చున్న కుర్చీ అంగుళం జరపరు."

"అంటే బోర్డులు బాగోలేదంటారా?"

"బాగున్నాయన్నాను కదా!"

సొనోబే గారు ఆ పూట భోజనం చేయలేదు.

మాకు ఒప్పందం ఉన్నది అమెరికాలోని విస్కాన్సిన్‌లో ఒక చిన్న కాలేజీతో. ఏటా వాళ్ళ పిల్లలు మా దగ్గరికి, మా పిల్లలు వాళ్ళ దగ్గరికి. కురామోచి మాస్టారు ఒక ఏడాది అక్కడ పాఠాలు చెప్పి వచ్చారు. తర్వాత ఆ కాలేజీ నుంచి వచ్చిన ఒకాయన నా బల్ల దగ్గర ఆగి నవ్వుతూ అడిగాడు. "మీ కురామోచి బాగున్నాడా? ఉన్నన్నాళ్ళూ 'జపాన్‌లో అయితే, జపాన్‌లో అయితే' అని మమ్మల్ని చంపుకుతిన్నాడు."

మేం నోళ్ళు తెరిచాం. ఆయన నోటి నుంచి జపాన్ గొప్పదనే మాట మేమెవరమూ విననేలేదు. సొనోబే గారు తీర్పు ఇచ్చేశారు. "ఆయనకి తను ఉన్న దేశం నచ్చదు. అంతే. చంద్రుడి మీద దింపినా భూమి గురించే మాట్లాడతాడు."

నేనూ అలాగే అనుకున్నాను, బ్రెన్నా వచ్చేదాకా.

బ్రెన్నా ఆ ఏడు శరదృతువులో విస్కాన్సిన్ నుంచి వచ్చిన ఒకే ఒక్క విద్యార్థిని. పొడుగాటి పిల్ల, చక్కటి జపనీస్ మాట్లాడేది. అంతకుముందు ఏడు వచ్చిన కుర్రాడు రెండు నెలలకే ఇంటికి వెళ్ళిపోయాడు. ఈసారీ అలా జరిగితే ఒప్పందం కొనసాగించలేమని వాళ్ళ కాలేజీ మర్యాదగా, చాలా మర్యాదగా, రాసింది. మా వైపు నుంచి జనవరిలో వెళ్ళాల్సిన అమ్మాయి నగుమో. చేపల బజారులో పని చేసే తండ్రికి ఒక్కతే కూతురు. మూడేళ్ళుగా దీనికోసమే ఇంగ్లీషు చదువుతోంది. బ్రెన్నా వెళ్ళిపోతే నగుమో ప్రయాణం కూడా ఆగిపోయినట్టే.

ఆరు వారాలు గడిచాక ఒక గురువారం బ్రెన్నా నా బల్ల మీద కాగితం పెట్టింది. చదువు మానేసి తిరిగి వెళ్ళడానికి నింపాల్సిన ఫారం. అన్ని గళ్ళూ నీటుగా నింపింది.

సొనోబే గారు ఆ కాగితాన్ని పాముని చూసినట్టు చూశారు. కురామోచి మాస్టారు ఆ అమ్మాయికి సలహాదారు కాబట్టి ఆయన్ని పిలవక తప్పదు. పిలిచేముందు సొనోబే గారే మాస్టారి గదిలోకి వెళ్ళి చేతులు జోడించినంత పని చేశారు.

"మాస్టారూ, మీకు దణ్ణం పెడతాను. ఆ అమ్మాయి ముందు ఒకే ఒక్క దేశం గురించి మాట్లాడండి. పోలిస్తే వెంటనే విమానం ఎక్కేస్తుంది."

"ఏ దేశం గురించి?"

"ఏదైనా! ఒకటి!"

మాస్టారు మాట ఇచ్చారు. మేం నలుగురం కూర్చున్నాం. ఆయన మొహం నిమిషం నిమిషానికీ ఎర్రబడుతోంది. రెండుసార్లు నోరు తెరిచి మూశారు. చివరికి "కిటికీ... కిటికీ శుభ్రంగా ఉంది" అన్నారు.

బ్రెన్నా కిటికీ వైపు చూసి, మళ్ళీ తన చేతుల వైపు చూసుకుంది.

"ఆర్థికశాస్త్రం క్లాసులో నేను ప్రశ్న అడిగితే అందరూ బల్లల్లోకి చూస్తారు. రెండోవారం ఇంకోటి అడిగాను. మూడోవారం ఆ క్లాసు మాస్టారు నా ప్రశ్నలకి జవాబులు ముందే అచ్చు వేయించి తెచ్చి ఇచ్చారు, ఇక క్లాసులో అడగక్కర్లేదని. నేను నోరు తెరిస్తే ఆ గది గడ్డకట్టుకుపోతుంది. నేనంటే వాళ్ళకి ఇష్టం లేదు." ఫారాన్ని బల్ల అంచుకి సరిగ్గా జరిపింది. "మా ఊళ్ళో నన్ను అందరూ కలుపుగోలు పిల్ల అనేవాళ్ళు."

"జపాన్‌లో అయితే..." అన్నారు కురామోచి మాస్టారు.

సొనోబే గారు గట్టిగా దగ్గారు.

"జపాన్‌లో అయితే," ఆయన ఆగలేదు, "ఆరువారాలు ఎవరూ మాట్లాడరు. ఏడోవారం మొదలుపెడతారు. ఇది లెక్కలతో సహా తేలిన విషయం."

"ఏడోవారమా?"

"కచ్చితంగా ఏడోవారం. పరిశోధన ఉంది."

బ్రెన్నా ఆయన మొహంలోకి చూసింది. నాలుగు లావుపాటి పుస్తకాలు రాసిన మనిషి. "అయితే వచ్చే బుధవారం దాకా చూస్తాను" అని ఫారం మడిచి సంచిలో పెట్టుకుంది.

ఆమె వెళ్ళగానే నేను ఆయన వెనకాలే పరిగెత్తాను. "మాస్టారూ, ఆ పరిశోధన ఏదో ఇవ్వండి, ఫైల్లో పెడతాను."

"ఇంకా జరగలేదు మినగావా గారూ."

"జరగలేదా?"

"బుధవారంలోగా జరగాలి. ఆ క్లాసు పిల్లల పేర్లు ఇవ్వండి."

ఇరవై ఇద్దరి పేర్ల జాబితా ఇచ్చాను. ఆ ఐదు రోజులూ కురామోచి మాస్టారు పాఠం చెప్పిన వేళ తప్ప గదిలో లేరు. సైకిళ్ళ షెడ్డు దగ్గర ఒకణ్ణి పట్టుకునేవారు, లైబ్రరీ మెట్ల మీద ఇంకొకణ్ణి. క్యాంటీన్‌లో నా పక్క బల్ల దగ్గరే బేస్‌బాల్ జట్టు కుర్రాణ్ణి దొరకబుచ్చుకున్నారు.

"నువ్వు ఆర్థికశాస్త్రం క్లాసులో పడుకుంటావటగా?"

"లేదు మాస్టారూ. కళ్ళు మూసుకుంటానంతే."

"అమెరికాలో అయితే కళ్ళు మూసుకున్నవాడిని కూడా ఏం ఆలోచిస్తున్నావని అడుగుతారు. నువ్వేం ఆలోచించావు?"

కుర్రాడు కర్రీలో చెంచా తిప్పాడు. "ఆ గ్రాఫులో గీత ఉన్నట్టుండి కిందికెందుకు పోయిందా అని."

"ఎన్నాళ్ళనుంచి ఆలోచిస్తున్నావు?"

"నెల రోజులు."

"అడగలేదేం?"

"అందరికీ తెలిసే ఉంటుంది కదా మాస్టారూ. నాకొక్కడికే తెలీదంటే నవ్వుతారు."

"అమెరికాలో అయితే తప్పు ప్రశ్న అడిగినా ఎవరూ నవ్వరు. బుధవారం అడుగు." తలవంచుకుని జాబితాలో టిక్కు పెట్టి, "కాగితం మీద రాసుకుని చదువు, ఫరవాలేదు" అని కలిపారు.

ఒక్కొక్కరి దగ్గరా ఒక్కో ప్రశ్న దాగి ఉందట. కొందరివి ఏడాది పాతవి. అదే క్లాసులో ఉన్న నగుమో దగ్గర మాత్రం ఆయన గంటసేపు కూర్చున్నారు. ఏం మాట్లాడారో నాకు తెలీదు.

బుధవారం సొనోబే గారు నన్ను క్లాసు వెనక బెంచీలో కూర్చోమని పంపారు, ఏం జరిగినా వచ్చి మెల్లిగా చెప్పమని. బ్రెన్నా ముందు వరుసలో చేతులు కట్టుకుని కూర్చుంది. ఈసారి తను నోరు విప్పకూడదని ఒట్టు పెట్టుకున్నట్టుంది. ఆర్థికశాస్త్రం మాస్టారు పాఠం ముగించి, అలవాటు కొద్దీ "ప్రశ్నలేమైనా ఉన్నాయా?" అని, అలవాటు కొద్దీ జవాబు కోసం ఆగకుండా సంచి సర్దుకోవడం మొదలుపెట్టారు.

నగుమో లేచి నిలబడింది. చేతిలోని కాగితం మడత విప్పింది.

"నా ప్రశ్న... బ్రెన్నా గారికి." ఇంగ్లీషులో, ఒక్కో మాటా కూడబలుక్కుంటూ అడిగింది. "మీరు మొదటివారం ఒక ప్రశ్న అడిగారు. చాలా మంచి ప్రశ్న అనిపించింది. కానీ నాకు సగమే అర్థమైంది. అప్పటినుంచీ దాని గురించే ఆలోచిస్తున్నాను. దయచేసి ఇంకోసారి అడుగుతారా?"

బ్రెన్నా వెనక్కి తిరిగింది. "ఆరువారాల నుంచా?"

"ఆరువారాల నుంచే."

బ్రెన్నా అడిగింది. వెంటనే బేస్‌బాల్ కుర్రాడు కళ్ళు తెరిచి, "గ్రాఫులో గీత కూడా దానివల్లే పడిపోయిందా?" అన్నాడు. ఆ తర్వాత కాగితాలు బయటికి రావడం మొదలైంది. ముప్ఫయ్యేళ్ళ ఉద్యోగంలో అన్ని ప్రశ్నలు ఎరగని ఆ మాస్టారు కుర్చీ వెతుక్కుని కూలబడి, "ఒకరి తర్వాత ఒకరు బాబూ, ఒకరి తర్వాత ఒకరు" అన్నారు. గంట మోగినా ఎవరూ లేవలేదు. బ్రెన్నా నవ్వుతోందో ఏడుస్తోందో వెనక బెంచీ నుంచి నాకు తెలియలేదు కానీ, ఫారం మాత్రం మళ్ళీ నా బల్ల మీదకి రాలేదు.

బయట నడవాలో కురామోచి మాస్టారు నోటీసు బోర్డు చదువుతున్నట్టు నటిస్తున్నారు. తలకిందులుగా అంటించిన నోటీసు అది.

"మాస్టారూ, ఒకటి అడుగుతాను. అమెరికాలో తప్పు ప్రశ్నకి నిజంగానే నవ్వరా?"

"ఎందుకు నవ్వరు! నేను చదువుకోడానికి వెళ్ళిన ఏడాది నా ఇంగ్లీషు విని కడుపుబ్బ నవ్వారు."

"మరి పిల్లలకి అబద్ధం చెప్పారా?"

ఆయన చుట్టూ చూసి గొంతు తగ్గించారు. "పుస్తకాల్లో ఒక్క అంకె కూడా తప్పు రాయను, మీరు తనిఖీ చేసుకోండి. నడవాలో సంగతి వేరు. ఇక్కడ కుంగిపోయినవాడితో అమెరికా నయం అంటాను. అక్కడ కుంగిపోయినవాడితో జపాన్ నయం అంటాను. లోకంలో ఇంకో పద్ధతి కూడా ఉందని, తప్పు తనొక్కడిదే కాదని తెలిస్తే పిల్లలు తేరుకుంటారు. తేరుకున్నాక నిజం వాళ్ళే కనుక్కుంటారు."

"మరి విస్కాన్సిన్‌లో ఏడాది పొడుగునా జపాన్‌ని పొగిడారట?"

"అక్కడ ఆ ఏడు మన పిల్లలు ఐదుగురు ఉన్నారు కదా. ఐదుగురూ ఏడ్చేవారు." అని, ఈ మాట సొనోబే గారికి చెప్పొద్దని నన్ను వేడుకున్నారు. తను ఉన్న దేశం నచ్చని మనిషని అప్పటిదాకా ఆయనకున్న పేరు పోతుందని భయం.

డిసెంబరులో ఒప్పందం మీద మళ్ళీ సంతకాలయ్యాయి. జనవరిలో నగుమో బయల్దేరింది. నీగాటా స్టేషన్‌లో టోక్యో వెళ్ళే షింకన్‌సెన్ బుల్లెట్ రైలు దగ్గరికి మేమంతా వెళ్ళాం. తండ్రి రబ్బరు బూట్లతోనే బజారు నుంచి వచ్చి, కూతురి పెట్టె పట్టుకుని నిలబడ్డాడు. బ్రెన్నా తన ఊళ్ళో ఎవరెవరి ఇళ్ళకి భోజనానికి వెళ్ళొచ్చో రాసిచ్చింది. నగుమో మొహం మాత్రం తెల్లగా పాలిపోయింది.

"మాస్టారూ, అక్కడ నాకు నోట మాట రాకపోతే?"

కురామోచి మాస్టారు ఏ దేశం ఎత్తుతారోనని సొనోబే గారు ఊపిరి బిగబట్టారు.

"రాకపోతే రాదమ్మా. నాకూ రాలేదు. ఆరు నెలలు."

"మరి ఏం చేశారు?"

"ఒకరోజు నా పక్కన కూర్చున్నవాణ్ణి మీ ఊళ్ళో మంచు ఎలా పడుతుందని అడిగాను. అతను చెప్పాడు. తర్వాత మీ ఊళ్ళో ఎలా పడుతుందని నన్ను అడిగాడు. ఆ రోజు మొదలుపెట్టాను, ఇంకా ఆపలేదు."

నగుమో ఫక్కున నవ్వింది. నవ్వుతూనే రైలెక్కింది. తండ్రి పెట్టె అందించి, రైలు కనుమరుగయ్యాక కూడా చేయి ఊపుతూనే ఉన్నాడు.

మూడు వారాలకి మా విభాగానికి ఆమె నుంచి ఉత్తరం వచ్చింది. కురామోచి మాస్టారికి చదివి వినిపించమని రాసింది. రెండే వాక్యాలు.

"మాస్టారూ, పక్కన కూర్చున్న అమ్మాయిని మంచు గురించి అడిగాను. నలభై నిమిషాలైంది, ఇంకా చెబుతూనే ఉంది, ఎలా ఆపాలి?"